రెండో సీసా

మొన్న ఒకాయన కడుపుబ్బిన మేకను తీసుకొచ్చాడు. తిరుమలాయపాలెం వైపు ఇప్పుడు నేను డాక్టరుగా ఉన్న పశువుల ఆస్పత్రికి వానాకాలంలో రోజుకు రెండైనా వచ్చే కేసే అది. మేక నోట్లో గొట్టం పెట్టబోతుంటే ఆయన నన్ను పరీక్షగా చూసి, "మీరు ముందుగాల టేకులపల్లి దిక్కు పనిచేసిండ్రు గదా మేడం?" అన్నాడు. అవునన్నాను. ఆయన అత్తగారిది అటువైపు తండా అట. "అయితే మీకు ఎర్కుండాలె. ఆ గుర్రపాయన పోయిండు. నెల దాటింది," అన్నాడు, మేక కొమ్ములు వదలకుండానే.

"అట్లాగా," అన్నాను. గొట్టం దించాను. గాలి పోయి మేక పొట్ట తగ్గింది. చీటీ రాసిచ్చి, రెండు రోజులు పచ్చిమేత పెట్టొద్దని చెప్పి పంపించాను. తర్వాత ఒక కుక్కపిల్లకు టీకా, ఒక గేదెకు చూలు పరీక్ష. సాయంత్రం ఇంటికెళ్లి పప్పు వండుకుని తిన్నాను. పడుకునే ముందు, ఇప్పుడన్నా ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ నిజం అదే. ఆయన విషయంలో నాలో ఏదో మూడేళ్ల కిందటే మొద్దుబారిపోయింది. దాన్ని ఇప్పుడు గిల్లి చూసినా నొప్పి తెలియడం లేదు.

ఆయన పేరు నాకు తెలుసు. ప్రభుత్వ కాగితాల మీద నా చేత్తోనే ఎన్నోసార్లు రాశాను. కానీ ఆ మండలంలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ గుర్రపాయనే. నేను మాత్రం పెద్దాయనా అనేదాన్ని.

మొదటిసారి చూసినప్పుడు ఆయన మీద నాకు ఒళ్లు మండింది. గేదెలకు గాలికుంటు టీకాలేయడానికి తండాకు వెళ్లాను. స్కూటీ దిగుతుంటే ఒక సన్నపాటి మనిషి, అరవై దాటినవాడు, తెల్ల బనీనూ ఖాకీ ప్యాంటూ వేసుకుని, నా ముఖం చూడకుండా కాళ్ల వైపే చూస్తున్నాడు. ఏం మనిషిరా బాబూ అనుకున్నాను. మందలిద్దామని నోరు తెరిచేలోపు ఆయనే అడిగాడు. "ఎడమ మడమ ఎప్పుడు మడతవడ్డది డాక్టరమ్మా?"

కాలేజీ రోజుల్లో హాస్టల్ గోడ దూకి బెణికించుకున్న మడమ అది. ఇంట్లోవాళ్లకే తెలియదు. ఎట్లా కనిపెట్టారని అడిగితే, "దిగేటప్పుడు బరువంత కుడి కాలు మీదేసిండ్రు. ముసురు పట్టినప్పుడు సలుపుతది గదా?" అన్నాడు. సలుపుతుంది. ఒప్పుకోబుద్ధి కాక, గేదెల్ని కట్టెయ్యమని గట్టిగా చెప్పాను.

మనుషుల్ని ఆయన కాళ్లతోనే గుర్తుపెట్టుకునేవాడని తర్వాత తెలిసింది. దూరాన ఎవరొస్తున్నా నడక చూసి పేరు చెప్పేవాడు. మా ఆస్పత్రి అటెండరుని చూసి, "మీకు కుడి మోకాలు రెండేండ్లల్ల దిగుతది, ఇప్పటి సందే నూనె పట్టియ్యుండ్రి," అన్నాడు. అటెండరు నవ్వి పారేశాడు. రెండేళ్లు కూడా పట్టలేదు, ఖమ్మం దవాఖానా చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

హైదరాబాదు రేసుకోర్సులో ఆయన ముప్పై ఏళ్లు పనిచేశాడు. ముందు సాయీసు, అంటే గుర్రాన్ని కడిగి, మేపి, నడిపించే పనివాడు. తర్వాత పదిమంది సాయీసుల మీద జమాదారు. ట్రైనరు అనే హోదా ఎన్నడూ రాలేదు గానీ, మొండికేసిన గుర్రాలను దారికి తేవడానికి ఆయన చేతికే ఇచ్చేవారట. ఈ సంగతులు కూడా నేను అడిగితే చెప్పినవే. ఆయనంతట ఆయన చెప్పేవి గుర్రాల గురించి, అందులోనూ వాటి కాళ్ల గురించి.

ఆయన దగ్గర మూడు భాషలు ఉండేవి. భార్యతో లంబాడీ, మాతో తెలుగు, గుర్రంతో ఉర్దూ. గుర్రంతో మాట్లాడేటప్పుడు గొంతు మారిపోయేది. ఆప్ అనీ, జీ అనీ, దయచేయండనీ, అంతా మర్యాదే. "ముప్పై ఏండ్లు పట్నంల ఉండి వచ్చిండు. ఒక్కనాడన్న నన్ను గట్ల పిలిచిండేమో అడుగు బిడ్డా. దానికైతే జీ, నాకైతే ఓయ్," అనేది ఆయన భార్య. ఆయన వినిపించుకోనట్టు గుర్రం జూలు దువ్వేవాడు.

ఎవరితో నడిచినా ఎడమ పక్కనే నడిచేవాడు. గుర్రాన్ని ఎడమ వైపు నుంచే పట్టుకుని నడిపిస్తారు, అది ఆ పనిలో పద్ధతి. ముప్పై ఏళ్లు అట్లా నడిచి నడిచి, పక్కన గుర్రం లేకపోయినా ఆ కుడి చెయ్యి కొద్దిగా పైకి లేచే ఉండేది. తండా నుంచి రోడ్డు దాకా నన్ను సాగనంపడానికి వచ్చినప్పుడు, ఈయన నన్ను కూడా తోలుకెళుతున్నాడా అని అనుమానం వచ్చేది. దూరమంతా ఫర్లాంగుల్లో చెప్పేవాడు. కాలమంతా సెకన్లలో చెప్పేవాడు. చేతిలో గడియారం లేకుండానే బొటనవేలితో చూపుడువేలి మీద నొక్కి లెక్క మొదలుపెట్టేవాడు. "ఇంజక్షన్ పద్నాలుగు సెకన్లల్ల అయిపోయింది. మీ చెయ్యి మంచిగుంది డాక్టరమ్మా," అన్నాడొకసారి. నాకు ఉద్యోగంలో దక్కిన మెప్పుల్లో దాన్ని మించింది లేదు.

ఇక గుర్రం సంగతి. ఆడ గుర్రం. ముదురు చాక్లెట్ రంగు, నుదుట చుక్క. రేసు కాగితాల్లో దానికి ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరుండేది. ఈయన మాత్రం గుడియా అన్నాడు. ముందరి కుడికాలు నరం తెగి అది పరుగుకి పనికిరాకుండా పోయింది. అట్లాంటి గుర్రాలు తర్వాత ఏమవుతాయని అడిగితే మాట మార్చేవాడు. ఆయన పని మానేసే రోజున, ఏం కావాలో కోరుకోమని యజమాని అడిగాడట. ఈయన గుడియాను కోరుకున్నాడు. డీసీయం బండిలో వరిగడ్డి పరిచి, దాంతోపాటే నిలబడి తండాకు వచ్చాడు. ముప్పై ఏళ్ల సంపాదన వెంట తెస్తాడని ఎదురుచూసిన భార్య, బండి వెనక తలుపు తీసేసరికి నాలుగు కాళ్లు చూసింది.

దానికి టేకు గుంజలతో, రేకులతో కొట్టం వేశాడు. ఫ్యాన్ పెట్టించాడు. "ఫ్యాన్ దానికి, ఇసనకర్ర నాకు," అని ఆమె వచ్చినవాళ్లందరికీ చెప్పేది. చెప్పేది గానీ, ఉలవలు నానబెట్టేది ఆమే, వేసవిలో నీళ్లు మోసేది ఆమే. తన పాత రవికెల అద్దాలు విప్పి గుర్రానికి నుదుటి పట్టీ కుట్టింది కూడా ఆమే.

పొద్దున్నే ఆయన కొట్టంలో గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని, కుడి చేతి వెనక భాగంతో ఒక్కో కాలూ మోకాలి నుంచి గిట్ట దాకా నిమిరేవాడు. నరంలో దెబ్బ ఉంటే వాపు కంటే ముందు వేడి పుడుతుందట. అరచేతికి తెలియని వేడి చేతి వెనక్కి తెలుస్తుందట. నాలుగు కాళ్లూ చూశాకే పళ్లు తోముకోవడం.

గుర్రాన్ని మేపాలి కాబట్టి పెళ్లిళ్లకు తిప్పేవాడు. ఏన్కూరు, టేకులపల్లి, ఒక్కోసారి ఖమ్మం ఫంక్షన్ హాళ్ల దాకా. అది ఆయనకు ఇష్టం లేదు. రేసు గుర్రానికి డీజే ఏందని గొణిగేవాడు. పెళ్లికొడుకును పైనుంచి కింది దాకా చూసి బరువు అంచనా కట్టేవాడు. "మా జాకీలు యాభై కిలోలు. నువ్వు తొంభై ఉన్నవు బిడ్డా. మూల మలుపు దాక నడువు, ఆడ ఎక్కిస్త. ఫంక్షన్ హాల్ ముంగట గుర్రం మీదనే ఉంటవు, ఫోటోల ఎవ్వరికి తెల్వదు," అని బుజ్జగించేవాడు. చాలామంది నిజంగానే నడిచారు.

ఏన్కూరు పెళ్లికి నేను కూడా వెళ్లాను. పెళ్లికూతురు తండ్రిది కోళ్ల ఫారం, మా ఆస్పత్రికి కావాల్సినవాడు. బరాత్ బాగానే నడుస్తోంది. పెళ్లికొడుకు దోస్తులు డీజే ముందు ఊగిపోతున్నారు. వాళ్లలో ఒకడు రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. గుడియా ఆగింది. వాణ్ణి చూసి ఇంకో నలుగురు వేశారు. గుడియా నడిరోడ్డు మీద వెనక కాళ్లు ఎడంగా పెట్టి, తోక లేపి, మొదలుపెట్టింది. అంత పెద్ద గుర్రానికి అది ఒక్క నిమిషంలో అయ్యే పని కాదు. పైన షేర్వాణీలో పెళ్లికొడుకు ఎటు చూడాలో తెలియక ఆకాశం చూస్తున్నాడు. డీజే ఆగిపోయింది. ఆడపెళ్లివాళ్ల నవ్వు వీధి చివరి దాకా వినిపించింది. ఈయన మాత్రం నిటారుగా నిలబడి ఉన్నాడు. కుడి చెయ్యి దేనికోసమో గాల్లో తడుముతోంది.

దేనికోసమో తర్వాత చెప్పాడు. సీసా కోసం. రేసు గెలిచిన గుర్రానికి మందేమైనా ఇచ్చారేమోనని ఉచ్చ పరీక్ష చేస్తారు. పొయ్యమంటే పోసేది కాదు గదా గుర్రం. అందుకని కూనగా ఉన్నప్పటి నుంచీ అది ఉచ్చ పోసినప్పుడల్లా సాయీసు పక్కన నిలబడి మెల్లగా ఈల వేస్తాడు. కొన్నాళ్లకు ఈల వింటే చాలు, దానికి వచ్చేస్తుంది. సాయీసు సీసా పడతాడు, ఆఫీసరు సీలు వేస్తాడు. "చూసిండ్రా డాక్టరమ్మా, పండ్రెండేండ్ల గుర్రం. ఇంక మర్సిపోలె," అన్నాడు. పెళ్లివాళ్లు తిట్టిన తిట్లు ఆయన చెవికే ఎక్కలేదు. నేను ఫంక్షన్ హాల్ గోడకు ఆనుకుని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆ తర్వాత అట్లా నవ్విన గుర్తు లేదు.

ఆ ఏడాదే గ్లాండర్స్ వచ్చింది. గుర్రాలకూ గాడిదలకూ వచ్చే జబ్బు. మనుషులకూ అంటుతుంది. ఎక్కడో ఒక గుర్రానికి బయటపడేసరికి, మండలంలో ఉన్న ప్రతి గుర్రానికీ రక్తం తీసి పంపమని పైనుంచి ఆర్డరు వచ్చింది. మా మండలానికంతటికీ గుర్రం ఒక్కటే.

రక్తం తీయడానికి వెళితే ఆయన పొంగిపోయాడు. చాన్నాళ్లకు ఒక పద్ధతైన పని దొరికినట్టు గబగబా ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. మెడ నరం తనే నొక్కి చూపించాడు. రక్తం సీసాలోకి దిగాక, "సీలు ఎయ్యుండ్రి డాక్టరమ్మా, నా ముంగట్నే," అన్నాడు. మా దగ్గర సీలేం ఉంటుంది. మూత చుట్టూ ప్లాస్టర్ చుట్టి పేరు రాశాను. దాని మీద సంతకం పెడతానని పట్టుబట్టి మరీ పెట్టాడు. ఆయన మనసులో ఏముందో అప్పుడే అర్థం కావాల్సింది. చాదస్తం అనుకున్నాను.

రిపోర్టు వచ్చిన రోజు మాస్కు పెట్టుకుని వెళ్లాను. కొట్టానికి దూరంగా చింతచెట్టు కింద నిలబడి పిలిచాను. ఎట్లా మొదలుపెట్టాలో దారి పొడుగునా అనుకున్నవన్నీ మర్చిపోయాను. "రిపోర్టు పాజిటివ్ వచ్చింది పెద్దాయనా," అన్నాను.

నేను ఎన్నో ఇళ్లలో చెడ్డ కబుర్లు చెప్పాను. పాలిచ్చే గేదె బతకదంటే గుండెలు బాదుకున్నవాళ్లను చూశాను. ఈయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని తల దించుకున్నాడు. బడిలో తప్పు చేసి దొరికినవాళ్లు నిలబడతారే, అట్లా.

"గదెట్లొస్తది?" అన్నాడు. "ముప్పై ఏండ్లు చేసిన. నా చేతుల కెల్లి పోయిన ఒక్క గుర్రానికి పాజిటివ్ రాలె. గుడియాకు నేనేం ఇయ్యలె డాక్టరమ్మా. నా పిల్లల మీద ఒట్టు."

"అది కాదు పెద్దాయనా, ఇది..."

"పెండ్లిల ఎవడో ఏదో పెట్టిండు. ఖమ్మంల ఒకడు లడ్డూ పెడుతుంటే సూసి కొట్టిన గూడ. నేను సూడంగ పెట్టింది గది. సూడనిది ఎంతున్నదో." నా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "రెండో సీసా ఉంటది గదా? మొదటిది పాజిటివ్ వస్తే రెండో సీసా సూస్తరు గదా?"

ఉంటుంది. మా రూలు ప్రకారం కూడా రెండోసారి రక్తం తీసి పంపాలి. అదీ పాజిటివ్ వస్తేనే రోగం ఖాయం. ఖాయమైతే మందు లేదు. ఇంజక్షన్ ఇచ్చి చంపి, లోతుగా పూడ్చి సున్నం పోయాలి. ఇదంతా ఆయనకు చెప్పడానికి వచ్చాను. ఇది రేసులో చేసే మందు పరీక్షే అనుకుని ఆయన అడిగింది ఒక్క ముక్క. నేను, "ఉంటుంది," అన్నాను. అబద్ధం కాదు. అబద్ధం కాదు కదా అనే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను.

రెండో రక్తం తీశాను. సీసా మీద మళ్లీ సంతకం పెట్టాడు. గుర్రాన్ని బయటికి తీసుకెళ్లొద్దని, ఎవరినీ దగ్గరికి రానియ్యొద్దని, గ్లవ్సూ మాస్కూ లేకుండా ముట్టుకోవద్దని, బకెట్టు వేరే పెట్టమని చెప్పాను. ప్రతిదానికీ తలూపాడు. "అవ్, అవ్. మా దగ్గర గూడ గిదే రూలు. పాజిటివ్ వస్తే కొట్టం ముంగట వాచ్‌మన్‌ను పెడతరు," అన్నాడు. తన చేతి మురికి సాంపుల్‌కు అంటకుండా గ్లవ్సని ఆయన లెక్క. పోనీలే, ఏదో ఒక లెక్కన వేసుకుంటున్నాడు, అది చాలనుకున్నాను. నా పిరికితనానికి అది మంచి సాకు.

మూడో రోజు పొద్దున ఆస్పత్రి తాళం తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా స్టీలు క్యాను. మూతకు గుడ్డ, గుడ్డకు తాడు, తాడు ముడి మీద కొవ్వొత్తి మైనం కరిగించి పోసిన సీలు. తండా నుంచి సైకిల్ మీద తెచ్చాడు.

"రక్తంల తప్పొస్తది డాక్టరమ్మా. దీంట్ల రాదు. ఈల ఏసిన, పోసింది. రోజొకటి తెస్త. ఏ రోజుది సూసుకున్నా మంచిదే," అన్నాడు.

అటెండరు ముక్కు మూసుకుని అవతలికి పోయాడు. నేను గ్లవ్సు వేసుకుని క్యాను తీసుకున్నాను. ఇట్లా తేవడం ప్రమాదమని చెప్పాలి. ఎందుకు ప్రమాదమో చెబితే అంతా చెప్పాలి. ఆస్పత్రి వెనక గుంటలో పారబోసి, బ్లీచింగ్ చల్లి, క్యాను మందునీళ్లతో కడిగి ఇచ్చాను. "రాసుకున్నరా?" అని అడిగాడు. "రాసుకున్నా," అన్నాను. మర్నాడూ తెచ్చాడు. ఆ మర్నాడూ తెచ్చాడు. నోట్‌బుక్కులో ఆయన చూస్తుండగా తారీకు వేసి ఒక గీత గీసేదాన్ని. ఎన్ని గీతలయ్యాయో ఇప్పుడు గుర్తు లేదు.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య వచ్చింది. బస్సు దిగి ఎండలో నడిచొచ్చింది. "మనిషి అన్నం తింటలేడు బిడ్డా. తండాల ఎవ్వరి మొఖం సూస్తలేడు. నేనేమన్న పెట్టిననా అని నన్ను గూడ అడిగిండు," అంది. తర్వాత నా గ్లవ్సు వంక, టేబులు మీది ఫినాయిలు వంక చూసింది. "మందు గాదు గదా?"

"కాదమ్మా."

"రోగమా?"

తల ఊపాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు చెప్పినట్టు ఆయనకు చెప్పకు. రెండో సీసా వచ్చేదాంక ఆగు. గంతదాంక తప్పెవడిదో ఎతుక్కుంట తిరుగుతడు. ఎతుకుంటె మనిషి బతుకుతడు," అంది.

తప్పు ఆమె మీదికి తోయడానికి ఈ మాట రాయడం లేదు. ఆమె రాకపోయినా నేను చెప్పేదాన్ని కాదు. ఆమె మాట దొరికినందుకు లోపల నాకు హాయిగా అనిపించింది. అది ఇప్పటికీ క్షమించుకోలేను.

రెండో సీసా కూడా పాజిటివ్ వచ్చింది. మర్నాడు పదకొండింటికి పని ముగించాలని ఫోనులో చెప్పారు. గొయ్యి తవ్వే మిషను వస్తుందన్నారు. నేను ఆ సాయంత్రమే, ఇంకా ఎండ ఉండగానే, తండాకు వెళ్లాను. ఈసారి ముందే కూర్చోమన్నాను. మొత్తం చెప్పాను. జబ్బు పేరు, అది ఎట్లా వస్తుందో, ఏదో ఒక పెళ్లిలో వేరే గుర్రం తాగిన తొట్టి నీళ్లు తాగితే చాలని, ఎవరూ ఏమీ పెట్టలేదని.

ఆయన మెల్లగా తలెత్తాడు. "అంటే మందు గాదా?"

"కాదు పెద్దాయనా. రోగం."

"నేనిచ్చింది గాదు. ఎవ్వరిచ్చింది గాదు."

"కాదు."

"హమ్మయ్య," అన్నాడు. ఒంట్లో ఉన్న గాలంతా వదిలేసి నవ్వాడు. భార్య వైపు తిరిగి లంబాడీలో ఏదో అన్నాడు. నాకు ఆ భాష రాదు. కానీ చూశావా, నేను చెప్పలా అని అర్థమైంది. ఆమె నవ్వలేదు. అప్పుడు నన్నడిగాడు. "మరి గా రోగానికి మందేంది?"

లేదని చెప్పాను. రేపు పదకొండింటికని చెప్పాను. ఆయన ముఖం మీద నవ్వు ఇంకా అట్లాగే ఉంది. అది పోవడానికి చాలాసేపు పట్టింది. పోయాక ఒక్క మాటే అన్నాడు. "నేను నవ్విన గదా డాక్టరమ్మా."

మర్నాటి గురించి నాకు ఎక్కువ రాయాలని లేదు. ఆయన కాళ్లు నాలుగూ చూశాడు. గ్లవ్సు వేసుకోమంటే, "దీంతోటి వేడి తెలుస్తలేదు," అన్నాడు గానీ తీయలేదు. గొయ్యి దాకా తనే నడిపించుకొచ్చాడు, ఎడమ పక్కన. ముందు మత్తుమందు, తర్వాత అసలుది. నా చెయ్యి వణకలేదు. అంత పని చేస్తుంటే కనీసం చెయ్యన్నా వణకాలి గదా అని, ఇంజక్షన్ ఇస్తూనే అనుకోవడం గుర్తుంది. గుడియా ముందు మోకాళ్ల మీద వాలింది, తర్వాత పక్కకు ఒరిగింది. ఆయన చేతిలో తాడు అట్లాగే ఉండిపోయింది. తండా మొత్తంలో ఏడ్చింది ఆయన భార్య ఒక్కతే. లంబాడీలో రాగం తీసి, తల్లి చచ్చిపోయినట్టు ఏడ్చింది. మిషను డ్రైవరు ఇంజను ఆపి, ఆమె ఆపేదాకా కూర్చున్నాడు. నేను ఫారాలు నింపాను.

గుర్రాన్ని ముట్టుకున్నవాళ్లకు కూడా రక్తపరీక్ష చేయాలి. దవాఖానా వాళ్లు వచ్చి భార్యాభర్తలిద్దరిదీ తీసుకెళ్లారు. ఈసారి ఆయన సీలూ అడగలేదు, సంతకమూ పెడతాననలేదట. రిపోర్టులు మూడు వారాలకు వచ్చాయి. అప్పటికి నాకు బదిలీ ఆర్డరు వచ్చింది. కాగితాలు అప్పజెప్పి సంతకాలు తీసుకురావడం నా చివరి పనుల్లో ఒకటి. ఒక మంచి కబురన్నా నా చేత్తో ఇద్దామని నేనే వెళ్లాను.

కొట్టం ఖాళీగా ఉంది. గుంజలకూ రేకులకూ సున్నం వేసి మందు కొట్టించాం. ఆయన గడపలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. కాళ్ల వైపు చూడలేదు. కాగితం ఇచ్చాను. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. కానీ రేసుకోర్సు బోర్డు మీద ముప్పై ఏళ్లు చూసిన మాట ఒకటుంది, దాన్ని మాత్రం ఆనవాలు పడతాడు. కాగితమంతా వేలితో వెతుక్కుంటూ వచ్చి ఆ మాట దగ్గర ఆగాడు. నెగిటివ్.

"మీకేం లేదు పెద్దాయనా. అమ్మకూ ఏం లేదు," అన్నాను.

ఆయన వేలు తీయలేదు. చాలాసేపు అక్షరాల వంకే చూశాడు. తర్వాత కాగితాన్ని జాగ్రత్తగా, మడత పడకుండా నా చేతిలో పెట్టాడు.

"కాయిదాలు మారినట్టున్నయ్ డాక్టరమ్మా," అన్నాడు. "ఇది గుడియాది. మళ్లొక్కపారి సూడుండ్రి."

చూశాను. ఆయన అడిగాడు కాబట్టి, అక్కడే నిలబడి, పైనుంచి కింది దాకా మళ్లీ చూశాను. పేరు ఆయనదే.